గురువారం చొక్కాలు

డాన్‌జిగ్,
6 ఆగస్టు 1936.

ఒరే బెర్టో,

ముందు కూర్చో, తర్వాత చదువు. మీ బావని పట్టుకెళ్లారు.

మొన్న మంగళవారం పొద్దున్న పదింటికి ఎగోన్ ‘రేవు వార్త’ ఆఫీసులో రెండో పేజీ కంపోజ్ చేస్తున్నాడు. ఇద్దరు పోలీసులూ, మామూలు బట్టల్లో ఇంకొకడూ వచ్చారు. “ఇక్కడ జీల్కే ఎవడు?” అన్నారు. “నేనే. కాస్త ఆగండి, నాలుగు పంక్తులే ఉన్నాయి, ముగించి వస్తాను” అన్నాడట ఈ మహానుభావుడు. ఆ మామూలు బట్టలవాడు బల్ల మీది ఇనప పళ్లెం ఎత్తి మొహం మీద కొట్టాడు. కూర్చిన అక్షరాలన్నీ నేలపాలు. పక్క గదిలో ప్రూఫులు దిద్దుతున్న టూమ్లర్ మాస్టారు ఇదంతా తలుపు సందులోంచి చూశారు. మన టూమ్లర్ మాస్టారేరా, బళ్లో నీ వ్యాసాలన్నిటికీ ఎర్రసిరాతో స్నానం చేయించిన ఆయనే. బడి మానేశాక ఊరికే కూర్చోలేక ఈ పత్రికలో చేరారు.

పోలీసు కచేరీకి పరిగెత్తాను. “రక్షణ నిర్బంధం” అన్నాడు కౌంటరు దగ్గరివాడు. ఎవరి నుంచి నాయనా రక్షణ అని అడిగితే నవ్వాడు. మూడు నెలల దాకా ఉంచొచ్చట, కేసూ అక్కర్లేదట, విచారణా అక్కర్లేదట.

ఎందుకు పట్టుకెళ్లారో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఊళ్లో జరిగేది ‘రేవు వార్త’ సొంతంగా రాస్తే పత్రిక మూత పడుతుంది. బయటి దేశపు పత్రిక రాసిందని అచ్చేస్తే ఇన్నాళ్లూ ఊరుకున్నారు. అందుకని నేను నీకు రాయడం, నువ్వు బేసెల్ పత్రికకి రాయడం, అది మూడో రోజు రైల్లో ఇక్కడికొస్తే “బేసెల్ పత్రిక రాస్తున్నదేమంటే” అని మొదలెట్టి మీ బావ కంపోజ్ చేయడం. ముక్కేదిరా అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడం. మా వీధి చివర చెప్పుల కొట్టాయన, తన కొట్టు అద్దాలు పగిలిన సంగతి స్విట్జర్లాండ్ కబురుగా చదువుకుని “అబ్బో, అంత దూరం వెళ్లిందే!” అని మురిసిపోయాడు కూడాను. ఇప్పుడు ఆ ఉత్తరాలు రాసేదెవరో కూపీ లాగుతున్నారు. నా పేరు బయటికి రాలేదు గానీ ఆయన పేరు అయితే దొరికింది.

కాబట్టి ఒక్కటే అడుగుతున్నాను. ఆయన పేరు మీ పత్రికలో వేయించు. జూన్‌లో రేవు కూలీ ఒకాయన పేరు అందులో పడితే ఆరో రోజుకి ఇంటికొచ్చాడు. పేరు బయటపడ్డ ఖైదీని కొట్టడానికి చెయ్యి వెనకాడుతుందట. ఎగోన్ జీల్కే, నలభై మూడేళ్లు, కంపోజిటర్. ఈ మూడు ముక్కలు చాలు. ఇంకోటి, నానాజాతి సమితి వారి హై కమిషనర్ దొరగారికి అర్జీ పెట్టమని అందరూ అంటున్నారు. ఈ ఊరికి కాపలా ఆయనే కదా. పెట్టనా? నువ్వు సమితి గుమ్మంలోనే కూర్చున్నావు, చెప్పు.

ఇది మన ఊళ్లో పోలండువాళ్లు నడిపే తపాలాలో వేస్తున్నాను. మన ఊరి డబ్బాలో వేస్తే నీకన్నా ముందు ఇంకెవడో చదువుతాడు. అక్కడా ఎదురరుగు మీద ఒకడు కూర్చుని, లోపలికెళ్లేవాళ్లని చూసి రాసుకుంటున్నాడు. నా బుట్టలో పొగపెట్టిన చేపలున్నాయి. అడిగితే తపాలా గుమాస్తా భార్య యాద్విగాకి ఇవ్వడానికి వచ్చానంటాను. నీ జవాబు ఆ అమ్మాయి పేరునే పంపు.

నాకు తిండి సయించడం లేదురా.

నీ అక్క,
ఒటీలీ.


జెనీవా,
10 ఆగస్టు.

అక్కా,

నీ ఉత్తరం అందిన గంటలో రాసి పంపేశాను. బావ పేరు, వయసు, వృత్తి, ఇనప పళ్లెం, అన్నీ ఉన్నాయి. శనివారం సంచికలో వస్తుంది. నువ్వు ధైర్యంగా ఉండు.

అర్జీ తప్పకుండా పెట్టు. ఆలస్యం చేయకు. డాన్‌జిగ్ ఏ ఒక్కరి సొత్తూ కాదు, దాని రాజ్యాంగానికి సమితి హామీ ఉంది. ఇక్కడి పద్ధతి ఎంత పకడ్బందీదో దగ్గరుండి చూస్తున్నవాణ్ని కనుక చెబుతున్నాను. సమితి ఉబుసుపోక కబుర్లు పట్టించుకోదు, సాక్ష్యం అడుగుతుంది. సాక్షి లేని అర్జీ చిత్తుకాగితంతో సమానం. మాస్టారు కళ్లారా చూశారు కదా, ఆయన చేత సంతకం పెట్టించు. పేరు, వీధి, ఇంటి నంబరుతో సహా ఉండాలి. ఎన్ని వివరాలుంటే అంత బరువు.

అక్టోబరుకి మనం ముగ్గురం మీ వంటింట్లో కూర్చుని చికోరీ కాఫీ తాగుతూ దీని గురించి నవ్వుకుంటాం చూడు. వేళకి తిను.

నీ తమ్ముడు,
బెర్టోల్డ్.


డాన్‌జిగ్,
18 ఆగస్టు.

ఒరే బెర్టో,

నువ్వు చెప్పినట్టే చేశాను. మాస్టారింటికి వెళ్లేసరికి ఆయన పంజరంలో పిట్టకి గింజలు వేస్తున్నారు. సంగతి చెప్పగానే ఆయన చేతిలో డబ్బా జారింది.

“అమ్మా ఒటీలీ, చూశాను, కాదనను. కానీ చూడటం వేరు, చూశానని సంతకం పెట్టడం వేరు. నాకు డెబ్భై దాటాయి.”

“మీ శిష్యుడే రాశాడండీ, సాక్షి కావాలని.”

“ఎవడూ, బెర్టోల్డా? ఏదీ, ఇటివ్వు.”

కళ్లజోడు తగిలించుకుని నీ ఉత్తరం మొత్తం చదివారు. ఊరుకుంటారా, పెన్సిలు తీసి రెండుచోట్ల దిద్దారు కూడా. “వీడి వాక్యాలింకా పొడుగే” అన్నారు. తర్వాత కింద పడ్డ గింజలన్నీ ఏరి డబ్బాలో వేశారు. చివరికి, “వాడు అక్కడే ఉండి చూస్తున్నాడు కనుక తెలిసే చెప్పి ఉంటాడు. పెన్ను తే” అన్నారు. సంతకం గుండ్రంగా, బళ్లో నల్లబల్ల మీద రాసినట్టే పెట్టారు. కింద వీధి పేరూ ఇంటి నంబరూ ఆయనే వేశారు. నేను ఆ చేతులు పట్టుకుని ఏడ్చేశాను.

గురువారం దొరగారి బంగళాలో అర్జీ ఇచ్చాను. కార్యదర్శి ఎంత మర్యాదస్థుడనుకున్నావు! కుర్చీ వేశాడు, గొడుగు తనే అందుకుని మూల పెట్టాడు. “పద్ధతి ప్రకారం పరిశీలిస్తాం, అమ్మా” అన్నాడు. నీ పాత వ్యాసం గుర్తొచ్చింది. మా అలమారు తలుపు లోపల అతికించాను చూడు, అది. “ఆరోపణకు గురైనవారి జవాబు కూడా వినకుండా సమితి ఏ ఫిర్యాదు మీదా ఒక్క మాట పలకదు, అదే దాని గొప్పతనం” అని రాశావు. పిండి డబ్బా తీసినప్పుడల్లా చదువుతాను. దాన్నే పట్టుకుని ధైర్యం తెచ్చుకుంటున్నాను.

కానీ బెర్టో, శనివారం పత్రిక ఇవాళ వచ్చింది. స్టేషను కొట్టు దగ్గర నిలబడి మొదటి పేజీ నుంచి గడియారాల ప్రకటనల దాకా చదివాను. ఎగోన్ పేరు లేదు. “ఏవమ్మా, కొంటావా, ఇక్కడే బట్టీ పడతావా?” అంది కొట్టావిడ. కొన్నాను. ఇంటికొచ్చి మళ్లీ చదివాను. లేదు.

మరో సంచికలో వస్తుందేమో కదా?

నీ అక్క,
ఒటీలీ.


జెనీవా,
22 ఆగస్టు.

అక్కా,

స్థలం చాలక వాయిదా పడింది. స్పెయిన్‌లో యుద్ధం మొదలయ్యాక పత్రికల్లో చోటు దొరకడం గగనంగా ఉంది. బుధవారం తప్పకుండా వస్తుంది, నేను మళ్లీ మాట్లాడాను.

ఇక్కడ సరస్సు మీద గాలి చల్లగా ఉంది, ఆకులు అప్పుడే పసుపు తిరుగుతున్నాయి. హంసలకి రొట్టె వేయొద్దని కొత్తగా బోర్డు పెట్టారు. అర్జీ పెట్టావు, అది మంచి పని. ఇక భారం వాళ్లదే.

బెర్టోల్డ్.


డాన్‌జిగ్,
5 సెప్టెంబరు.

బెర్టోల్డ్,

బుధవారం పడలేదు. ఆ తర్వాత శనివారమూ పడలేదు. ఇక అడగను. హంసలు బాగున్నాయని తెలిసి సంతోషం.

ఇక్కడ అంతా బాగానే ఉంది. అర్జీకి జవాబు రాలేదు. ఎగోన్‌ని చూడనివ్వలేదు గానీ గురువారం గురువారం ఉతికిన చొక్కాలు ఇవ్వనిస్తున్నారు, విడిచినవి తెచ్చుకోనిస్తున్నారు. బుధవారమంతా ఇస్త్రీతోనే సరిపోతుంది, రెండు చొక్కాలకీ కాలర్లకి గంజి పెట్టాలి కదా. పని ఉండటమే మంచిది. వంటింట్లో కేనరీ పిట్ట ఒకటి చేరి పొద్దస్తమానం కూస్తోంది, దాని ఊసుతో కాస్త పొద్దుపోతోంది.

మాస్టారు కులాసాగానే ఉన్నారు. నిన్ను అడిగినట్టు చెప్పమన్నారు.

నువ్వు గొంతు జాగ్రత్తగా చూసుకో, నీకు ఈ నెలలోనే కదా పట్టేస్తుంది.

ఒటీలీ.


జెనీవా,
26 సెప్టెంబరు.

అక్కా,

ఈ ఉత్తరం ఎన్నిసార్లు మొదలుపెట్టి చింపేశానో. ఇక దాచేదేం లేదు.

ఇక్కడ విలేకరుల గదిలో ఒక్కొక్కరికీ గోడలో ఒక గూడు ఉంటుంది. సమితి ముందుకొచ్చే కాగితాలన్నీ పొద్దున్నే ప్రతులు తీసి అందులో పెడతారు. నిన్న నా గూట్లో నీ అర్జీ ఉంది. ఫ్రెంచిలోనూ ఇంగ్లీషులోనూ టైపు కొట్టి ఉంది. “నా భర్త చేతిలో నాలుగు పంక్తుల పని మిగిలి ఉంది” అన్న నీ మాట కూడా ఉంది. దాని కింద మాస్టారి పేరు, వీధి, ఇంటి నంబరు. ఆ తర్వాత కాగితం, నగరపాలకుల జవాబు. “ఈ ఫిర్యాదుకు ఆధారం లేదు. ఏకైక సాక్షి టూమ్లర్, ప్రస్తుతం వేరొక విషయమై నిర్బంధంలో ఉన్నవాడు, తాను ఏమీ చూడలేదని ఆగస్టు 24న వాంగ్మూలం ఇచ్చాడు.”

ఇరవై నాలుగు. నువ్వు అర్జీ ఇచ్చి పట్టుమని పన్నెండు రోజులు కాలేదు. సెప్టెంబరులో నువ్వు “కులాసాగానే ఉన్నారు” అని రాశావు. రెండు చొక్కాలన్నావు, పిట్ట అన్నావు. అప్పుడే అర్థం కావాల్సింది, అర్థం చేసుకోవాలనిపించలేదు.

చేసిందంతా నేనే అక్కా. ఫిర్యాదు వస్తే ఎదుటివారి జవాబు అడగడం ఇక్కడి పద్ధతి. న్యాయమైన పద్ధతే. దాన్ని పొగుడుతూ వ్యాసం రాశాను, నువ్వు అలమారుకి అతికించుకున్నావు. జవాబు అడగాలంటే ముందు ఫిర్యాదు వాళ్ల చేతికివ్వాలి కదా! పేర్లతో సహా ఇవ్వాలి కదా! పదేళ్లుగా ఈ కాగితాలు చదువుతున్నాను, ఒక్కసారి కూడా ఆ సంగతి తట్టలేదు. నాకు అవి కాగితాలే. మాస్టారి ఇంటి నంబరు స్వయంగా నేనే అడిగి వేయించాను. కొట్టిన వాళ్ల చేతికే అందించాను.

ఇంకొకటి. బావ గురించి రాసింది అచ్చు కాలేదు, కాదు కూడా. సంపాదకుడికి ఫోన్ చేస్తే, “డాన్‌జిగ్ అంటే పాఠకులకి విసుగొచ్చింది బాబూ. స్పెయిన్‌లో ఊళ్లకి ఊళ్లే తగలబడుతుంటే మీ ఊరి కంపోజిటర్ ఎవడికి కావాలి? నాలుగు పంక్తులు పంపు, చోటుంటే చూస్తా” అన్నాడు. జూలై నుంచీ ఇదే వరస. నీకు చెప్పడానికి సిగ్గేసింది. నిన్న కూడా నీ అర్జీ అందరి గూళ్లలోనూ ఉంది. ఒక్కడూ రాయలేదు. నా పక్కవాడు ప్లమ్ పళ్లు తిని, గింజలు అందులోనే చుట్టి పారేశాడు.

తిట్టు. కనీసం తిట్టు.

బెర్టోల్డ్.


డాన్‌జిగ్,
8 అక్టోబరు.

ఒరే బెర్టో,

తిడతాను, ఆగు. ముందు చెప్పాల్సింది చెప్పనీ.

మీ బావ వచ్చాడు. సోమవారం మధ్యాహ్నం తలుపు చప్పుడైతే చేపలావిడ అనుకుని “ఇవాళ వద్దమ్మా” అని అరిచాను. “నన్నూ వద్దా?” అన్నాడు. ముందు రెండు పళ్లు లేవు, చెంప మీద పళ్లెం అంచు పడ్డచోట గీత ఉంది, మనిషి సగమయ్యాడు. కానీ వచ్చాడు. పట్టుకుని ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు. పిట్ట కూడా నోరు మూసుకుంది.

రొట్టె తిన్నాక అసలు సంగతి చెప్పాడు. ఆగస్టు ఇరవై నాలుగున ఆయన్నీ మాస్టారినీ ఒకే గదిలో ఎదురెదురుగా నిలబెట్టారట. ఆ ఆఫీసరు చేతిలో నా అర్జీ నకలు ఉంది. మాస్టారి సంతకం చూపించి, “ఇది నీదేనా?” అన్నాడు. “నాదే” అన్నారు మాస్టారు. “అయితే విను. చూశానంటావా, విచారణ ముగిసేదాకా జీల్కే ఇక్కడే ఉంటాడు, అది ఎప్పటికి ముగుస్తుందో నాకే తెలీదు. చూడలేదంటావా, అతన్ని పంపిస్తాం, అబద్ధపు ఫిర్యాదుకి నిన్ను ఉంచుకుంటాం. తేల్చుకో.”

మాస్టారు ఎగోన్ మొహం కేసి చూశారట. అప్పటికింకా వాపు పూర్తిగా తగ్గలేదు. “నాకు చూపు ఆనదండీ. ఏం చూశానో ఏం లేదో” అన్నారట. బళ్లో చివరి బెంచీవాడు ఉండకట్టిన కాగితం విసిరితే చేతిలో పట్టుకున్న మనిషిరా అది! చూపు ఆనదట! ఆ మాట మీద మీ బావని వెంటనే పంపారా అంటే అదీ లేదు, ఆరు వారాలు ఉంచి మరీ పంపారు.

అందుకే నీకు రాయలేదు. ఆయన్ని తీసుకెళ్లిన రోజే నాకు తెలిసింది, పక్కింటావిడ పంజరం తెచ్చి నా గుమ్మంలో పెట్టింది. నీకు చెబితే ఏం చేస్తావు, ఇంకో నాలుగు పంక్తులు రాస్తావు. పైగా నువ్వు తట్టుకోలేవనుకున్నాను. నీ మీద కోపం లేక కాదు. అలమారు మీది వ్యాసం గోళ్లతో గీరి పీకేశాను, తలుపు రంగు కూడా లేచిపోయింది. కానీ ఆయన దగ్గరికి వెళ్లి పెన్ను అందించింది నేను. నిన్నొక్కణ్నే తిడితే నా పాపం పోతుందా?

మాస్టారికి ఎవరూ లేరు. ప్రతి గురువారం చొక్కా నేనే పట్టుకెళ్తున్నాను. “ఏమవుతాడు నీకు?” అంటాడు కౌంటరువాడు. “పెదనాన్న.” “ఇంటిపేర్లు కలవలేదే?” “పెద్దమ్మ మొగుడు నాయనా, ఎలా కలుస్తాయి?” అంటాను. వాడికీ తెలుసు అబద్ధమని, అయినా పుచ్చుకుంటాడు. విడిచిన చొక్కా తిరిగొస్తుంది. మొదట్లో కాలరు లోపల మురికి గీత ఉండేది, మెడ ఆనుతోందన్నమాట. ఇప్పుడు గీత పడటం లేదు. మెడ అంత సన్నబడింది. ఇవాళ ఇచ్చిన చొక్కాకి గుండీ జరిపి కుట్టాను. చలి వస్తోంది, బెర్టో. ఆ వయసులో ఆ గదుల్లో ఈ చలికాలం గడవదు.

‘రేవు వార్త’ని అయిదు నెలలు మూసేశారు. కాబట్టి నువ్వు రాసినా ఇక్కడ వేసేవాళ్లు లేరు. పత్రికకి రాయకు. అర్జీ అసలే రాయకు. కాగితమంటే వీళ్లకి భయం లేదు, కాగితానికి కాగితం జవాబిచ్చి ఊరుకుంటారు. నువ్వే రా. నీ దగ్గర విదేశీ పత్రిక వాళ్లిచ్చిన గుర్తింపు కార్డుంది. గురువారం నా పక్కన కౌంటరు దగ్గర నిలబడు. “టూమ్లర్ గారిని చూడాలి, ఆయన నా గురువు, నేను జెనీవా నుంచి వచ్చాను” అని నోటితో అడుగు. మనిషొచ్చి ఎదురుగా నిలబడితే ఆ ఆఫీసరు ఏమంటాడో చూద్దాం. బయటివాడు ఒకడు చూస్తున్నాడని తెలిస్తేనైనా ముసలాయన్ని వదులుతారేమో.

నీ పేరు వాళ్ల దగ్గర ఉంది. నువ్వూ ఈ ఊరి పౌరుడివే, కార్డు లాక్కుని నిన్నూ లోపలేయొచ్చు. అది దాచి పిలవను. మీ బావ అయితే “వాణ్ని పిలవకు, వద్దు” అంటున్నాడు. రాకపోయినా నేనేమీ అనను.

అబద్ధం. అంటాను. బతికున్నంత కాలం అంటాను.

నీ అక్క,
ఒటీలీ.


జెనీవా,
11 అక్టోబరు.

అక్కా,

ఇది కార్డు మీద రాస్తున్నాను, యాద్విగా పేరున కాదు, నీ పేరున, మన ఊరి తపాలాకే వచ్చేలా. చదవాలనుకునేవాళ్లు చదువుకోనీ. నేను బెర్టోల్డ్ రోడె, విలేకరిని, గురువారం పొద్దున్న ఏడున్నర బండికి దిగుతున్నాను. అక్కడి నుంచి నేరుగా మాస్టారి కోసం కౌంటరు దగ్గరికి వెళ్దాం.

భయంగానే ఉంది. పొద్దుటి నుంచి పెట్టె మూడుసార్లు సర్ది మూడుసార్లు విప్పాను. వాయిదా మాత్రం వేయను.

ఇక్కడ ఉన్ని చొక్కాలు బాగుంటాయి. మాస్టారికి ఇప్పటి మెడ కొలత ఎంతో తెలియక రెండు రకాలవి కొన్నాను, సరిపోయింది ఇద్దాం, పెద్దది బావ వేసుకుంటాడు. మూడోది కూడా తెస్తున్నాను. అది నా కొలతది. అది నీ దగ్గరే ఉంచు, అవసరం పడితే పై గురువారం తెచ్చిద్దువుగాని.

నీ తమ్ముడు,
బెర్టో.